డల్లాస్ నుంచి కాన్సాస్ టాల్‌గ్రాస్ ప్రెయిరీకి: జులైలో వద్దు, సెప్టెంబర్‌లో వెళ్లండి

మీరు అడిగినవి నాలుగు. జులై 4 లాంగ్ వీకెండ్‌కి డల్లాస్ నుంచి కాన్సాస్‌లోని టాల్‌గ్రాస్ ప్రెయిరీ నేషనల్ ప్రిజర్వ్‌కి (పొడుగు గడ్డి మైదానాన్ని కాపాడుతున్న చోటు) వెళ్లొచ్చా? బైసన్ (అమెరికా అడవి దున్నలు) కనిపిస్తాయా? గుంటూరు నుంచి వచ్చిన మీ అత్తగారూ మామగారూ నడవగలరా? "గడ్డి చూడటానికి ఆరు గంటల డ్రైవింగా?" అంటున్న మీవారికి ఏం చెప్పాలి? నేను కాన్సాస్‌లోనే విచిటా నగరంలో ఉంటాను. అక్కడి నుంచి ప్రిజర్వ్‌కి గంటంబావు ప్రయాణం. అన్ని కాలాల్లోనూ చూశాను కాబట్టి మొహమాటం లేకుండా చెప్తాను.

జులైలో వద్దండీ. ఆ రోజుల్లో అక్కడ ఎండ వంద ఫారెన్‌హీట్‌కి అటూ ఇటూగా ఉంటుంది. గుంటూరు వాళ్లకి ఎండ కొత్త కాదు, నిజమే. కానీ గుంటూరులో చెట్టు కిందకో, అరుగు మీదకో చేరొచ్చు. ఇక్కడ మైళ్ల తరబడి నడిచినా తల దాచుకోవడానికి నీడ ఉండదు. పైగా మీరు పొద్దున డల్లాస్‌లో బయల్దేరితే సరిగ్గా మిట్టమధ్యాహ్నం తర్వాత చేరతారు. ఆ వెలుగులో కొండలన్నీ చదునుగా, ఒకే రంగులో కనిపిస్తాయి. గంటలో అందరూ ఉసూరుమంటూ కారెక్కేస్తారు, మీవారి మాటే గెలుస్తుంది.

మీ అత్తమామలు అక్టోబర్ దాకా ఉంటారన్నారు కదా, సెప్టెంబర్ రెండో వారం నుంచి అక్టోబర్ మొదటి వారం లోపు పెట్టుకోండి. అప్పటికి గడ్డి పూర్తి ఎత్తుకి ఎదిగి కంకి వేస్తుంది. ఆకుపచ్చ మెల్లగా రాగి రంగులోకి, కొన్నిచోట్ల వంగపండు ఛాయలోకి తిరుగుతుంది. సాయంత్రం నాలుగున్నర, ఐదుకల్లా లోపలికి నడక మొదలుపెట్టి, ఏడున్నర ప్రాంతంలో సూర్యాస్తమయం చూసుకుని వెనక్కి రావాలి. వాలు వెలుగు పడ్డప్పుడు ఒక్కో మడతా విడిపోయి కొండల అసలు రూపం తెలుస్తుంది. విజిటర్ సెంటర్ సాయంత్రం త్వరగానే మూసేస్తారు గానీ నడక దారులు రాత్రీ పగలూ తెరిచే ఉంటాయి. ప్రవేశ రుసుము లేదు. కాబట్టి విజిటర్ సెంటర్ పని ముందు చూసుకుని, నడక సాయంత్రానికి ఉంచుకోండి. టార్చిలైటు మరిచిపోవద్దు.

ఏప్రిల్ చివర, మే నెల కూడా బాగుంటాయి, కానీ అప్పుడు కనిపించేది వేరు. గడ్డి మడమల ఎత్తు మించదు, కంటికి హాయైన పచ్చ, పూలు, ఎర్రటి బైసన్ దూడలు. నిలువెత్తు గడ్డి ఫొటోలు చూసి మేలో వచ్చినవాళ్లు "గడ్డేదీ?" అని అడుగుతుంటారు. పేరులో టాల్‌గ్రాస్ ఉన్నంత మాత్రాన ఏడాదంతా పొడుగ్గా ఉండదు.

ఇక మీవారి ప్రశ్న. ఈ పొడుగు గడ్డి మైదానం ఒకప్పుడు ఉత్తర అమెరికాలో దాదాపు 17 కోట్ల ఎకరాల్లో ఉండేది. ఇప్పుడు మిగిలింది అందులో 4 శాతం లోపే. మిగతాదంతా నాగళ్ల కింద పోయి, మొక్కజొన్న, సోయా చేలైంది. అయోవా, ఇల్లినాయ్ రాష్ట్రాల్లో అంత సారవంతమైన నల్లమట్టి ఉండటానికి కారణం ఈ గడ్డే. వేల ఏళ్లు దాని వేళ్లు చనిపోయి మట్టిలో కలిసి ఆ సారం ఏర్పడింది. ఆ సారమే దాని కొంప ముంచింది. మిగిలిన ఆ కొద్దిలోనూ ఎక్కువ భాగం కాన్సాస్‌లోని ఫ్లింట్ హిల్స్‌లో, ఆ వరసలోనే కిందికి సాగే ఓక్లహోమా కొండల్లో ఉంది. ఎందుకు మిగిలిందంటే అక్కడ దున్నలేరు కనక. సున్నపురాయి పొరల మధ్య చెకుముకి రాయి వరసలు వరసలుగా ఉంటుంది, పైన మట్టి పల్చన. 1806లో ఈ దారిన వెళ్లిన అమెరికా సైనికాధికారి జెబులాన్ పైక్ తన దినచర్య పుస్తకంలో వీటిని చాలా గరుకైన చెకుముకి కొండలని రాసుకున్నాడు. నాగలి దిగని నేలని పశువుల మేతకు వదిలేశారు, అలా గడ్డి బతికిపోయింది.

మీ మామగారు వ్యవసాయం చేసినవారని రాశారు కాబట్టి ఒక చిన్న పని చెప్తాను. ఆయన్ని బిగ్ బ్లూస్టెమ్ గడ్డి దగ్గరికి తీసుకెళ్లి, ఒక కాడని వంచి కంకి చూపించండి. చివర మూడు పాయలుగా చీలి ఉంటుంది, టర్కీ కోడి పాదంలా ఉందని ఇక్కడివాళ్లు టర్కీ ఫుట్ అనే పిలుస్తారు. కాడ మీద కణుపు దగ్గర వేలితో రుద్దితే తెల్లటి బూడిద లాంటి పొర పోయి లోపలి నీలం, ఎరుపు కలిసిన రంగు కనిపిస్తుంది. కణుపులు, ఆకు కాడని చుట్టుకున్న తీరు చూడగానే ఆయన "ఇది మన జొన్న జాతిలా ఉందే" అంటారు. అనకపోతే మీరే అడగండి. నిజంగానే ఇది జొన్న, చెరకు, నిమ్మగడ్డి, వట్టివేరు ఉన్న కుటుంబ శాఖకి చెందిందే. పక్కనే విడివిడిగా, పొగమంచులా విచ్చుకున్న కంకితో ఉండేది స్విచ్‌గ్రాస్. అది మన సామలకీ వరిగలకీ దగ్గర చుట్టం. ఇండియన్ గ్రాస్ కంకి బంగారు రంగులో కుచ్చుగా ఉంటుంది. లిటిల్ బ్లూస్టెమ్ మోకాలెత్తున గుబురుగా పెరిగి సెప్టెంబర్‌లో ఇటుక రంగుకి తిరుగుతుంది. ఈ నాలుగూ గుర్తుపట్టగలిగితే అక్కడ మీకు బోర్ కొట్టదు. పిల్లలకి ఇదే ఆటగా పెట్టండి, ఎవరు ముందు నాలుగూ కనిపెడితే వాళ్లకి ఐస్‌క్రీమ్.

పైకి కనిపించేది సగం కన్నా తక్కువే. బిగ్ బ్లూస్టెమ్ వేళ్లు పదడుగుల లోతుకి కూడా దిగుతాయి. అందుకే కరువొచ్చినా, మంట వచ్చినా, పశువులు మేసేసినా మళ్లీ లేస్తుంది. ఎదిగే మొగ్గ నేల లోపల భద్రంగా ఉంటుంది.

ఆ మంట సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే వసంతంలో వచ్చినవాళ్లు కొండలు నల్లగా కాలి ఉండటం చూసి అడవి తగలబడిందని కంగారుపడతారు. అది కావాలని పెట్టిన మంట. నిప్పు లేకపోతే కొన్ని దశాబ్దాల్లోనే రెడ్ సెడార్ వంటి చెట్లు కమ్ముకుని ఈ మైదానం చిట్టడవి అయిపోతుంది. కాన్సా, ఓసేజ్ జాతుల ప్రజలు యూరోపియన్లు రాకముందు నుంచే ఇక్కడి గడ్డి కాల్చేవారు. కాలిన చోట లేత గడ్డి మొలిస్తే బైసన్ దానికోసం వస్తాయని వాళ్లకి తెలుసు. ఇప్పటి పశువుల పెంపకందార్లు కూడా మార్చి, ఏప్రిల్‌లలో కాలుస్తారు. ప్రిజర్వ్‌లో మాత్రం అంతా ఒకేసారి కాల్చకుండా మేత భూమిని వంతులవారీగా కాల్చే పద్ధతి కూడా పాటిస్తున్నారు. ఎందుకంటే ఒక్కో పిట్టకి ఒక్కో ఎత్తు గడ్డి కావాలి. అన్నిచోట్లా ఒకే ఏడాది బూడిద చేస్తే గూడు కట్టుకునే చోటుండదు. పెంపకందార్లలో పాతవాళ్లకి ఈ పద్ధతి అంతగా నచ్చదు, ఏటా మొత్తం కాలిస్తేనే పశువు బాగా ఒళ్లు చేస్తుందంటారు. ఎవరి లెక్క వాళ్లది. మీ ఇంట్లో ఎవరికైనా ఆస్తమా ఉంటే ఏప్రిల్‌లో మాత్రం ఇటు రావద్దు, పొగ విచిటా దాకా వస్తుంది.

పొగ ఇబ్బంది లేనివాళ్లకి ఏప్రిల్‌లో ఒక లాభముంది, గ్రేటర్ ప్రెయిరీ చికెన్. తెల్లవారుజామున మగ పక్షులు ఒకేచోట చేరి, మెడ పక్కన నారింజ రంగు సంచులు ఉబ్బించి, కాళ్లు టపటపా కొట్టి, దూరానికి వినపడే గుమ్మనే శబ్దం చేస్తాయి. కర్నూలు వైపు రోళ్లపాడులో 1988లో బట్టమేక పిట్టల కోసం అభయారణ్యం పెట్టారు, గుర్తుందా? ఆ మగ పక్షి కూడా మెడ సంచి ఉబ్బించుకునే ఆడపక్షిని పిలుస్తుంది. గడ్డి నేలని ఎందుకూ పనికిరాని బీడు అనుకోవడం వల్ల నష్టపోయింది రెండూను.

ప్రిజర్వ్ గురించి చాలామందికి తెలియని విషయం, అది పేరుకి జాతీయమే గానీ భూమి దాదాపు అంతా ప్రభుత్వానిది కాదు. ఫ్లింట్ హిల్స్‌లో నేషనల్ పార్క్ పెడతామని దశాబ్దాల పాటు ప్రతిపాదనలు వస్తే, వాషింగ్టన్ వాళ్లు మా భూములు లాక్కుంటారని ఇక్కడి పెంపకందార్లు గట్టిగా అడ్డుకున్నారు. చివరికి రాజీ కుదిరింది. 1994లో నేషనల్ పార్క్ ట్రస్ట్ అనే ప్రైవేటు సంస్థ ఇక్కడి పాత రాంచ్‌ని (పశువుల పెంపక క్షేత్రాన్ని) కొన్నది. కాన్సాస్ సెనేటర్ నాన్సీ కాసెబామ్ చొరవతో 1996 నవంబర్‌లో చట్టం వచ్చింది. దాదాపు 11 వేల ఎకరాల్లో ప్రభుత్వం సొంతంగా ఉంచుకోగలిగింది 180 ఎకరాలకు మించకూడదని అందులోనే రాశారు. 2005 నుంచి మిగతా భూమి ది నేచర్ కన్సర్వెన్సీ అనే ప్రకృతి సంరక్షణ సంస్థది, ప్రభుత్వ నేషనల్ పార్క్ సర్వీస్‌తో కలిసి చూసుకుంటారు. అందుకే బైసన్‌తో పాటు వేరే మేత భూముల్లో ఆవులు, దూడలు కూడా మేస్తూ కనిపిస్తాయి. "ఇదేం నేషనల్ పార్కు, ఆవులున్నాయి" అనుకోకండి. ఆ రాజీ లేకపోతే ఈ ప్రిజర్వే లేదు.

విజిటర్ సెంటర్ పక్కనే స్టీఫెన్ జోన్స్ అనే ఆసామి 1881లో కట్టించిన సున్నపురాయి మేడ, మూడంతస్తుల పశువుల కొట్టం ఉన్నాయి. మేడ బాగుంటుంది గానీ నా ఓటు కొట్టానికే. గాలి ఆడేలా, ఎండుగడ్డి పైనుంచి కిందికి దిగేలా కట్టిన తీరు మీ మామగారికి తప్పక నచ్చుతుంది. కొంచెం ఉత్తరాన గుట్ట మీద 1882 నాటి ఒంటిగది బడి ఉంది, దూరం నుంచి ఫొటోకి చాలా బాగుంటుంది.

బైసన్ విషయానికొస్తే, గ్యారంటీ ఇవ్వలేను. ఒకప్పుడు కోట్లలో ఉండి, 1880ల చివరికి వెయ్యికి లోపుకి పడిపోయిన జంతువు అది. ఇక్కడికి 2009లో సౌత్ డకోటాలోని విండ్ కేవ్ నేషనల్ పార్క్ నుంచి 13 తెచ్చారు, ఇప్పుడు మంద బాగా పెరిగింది. అవి విండ్‌మిల్ పాస్చర్ అనే వెయ్యి ఎకరాలకు పైబడిన ఒక్క మేత భూమిలోనే ఉంటాయి. సీనిక్ ఓవర్‌లుక్ ట్రైల్ అనే నడక దారి దాని మధ్య నుంచే పోతుంది. కొన్నిసార్లు దారి పక్కనే ఉంటాయి, కొన్నిసార్లు దూరపు వాలులో నల్ల చుక్కల్లా కనిపిస్తాయి. బైనాక్యులర్స్ తప్పనిసరి. వెళ్లగానే విజిటర్ సెంటర్‌లో రేంజర్‌ని "ఇవాళ మంద ఎటుంది?" అని అడగండి.

ఎంత దూరంలో ఉండాలో పిల్లలకి ముందే గట్టిగా చెప్పండి. కనీసం వంద గజాలు. మగది తొమ్మిది వందల కిలోల దాకా ఉంటుంది, అయినా గంటకి 30 మైళ్లు దాటి పరుగెత్తగలదు. తీరిగ్గా మేస్తుంటే మన ఊరి బర్రెలానే అనిపిస్తుంది, అదే ప్రమాదం. తోక పైకి లేచిందంటే కోపం వచ్చిందని అర్థం. అవి దారికి అడ్డంగా ఉంటే కేకలు వేయడం, చప్పట్లు కొట్టడం చేయకుండా వెనక్కి తిరిగి వచ్చేయండి. జులై, ఆగస్టుల్లో మగవి పోట్లాడుకునే కాలం, అప్పుడు ఇంకా చిరాగ్గా ఉంటాయి. జులై వద్దనడానికి అదింకో కారణం. గేటు తీసిన ప్రతిసారీ మళ్లీ వేయాలి.

దగ్గర్లో మంద లేకపోతే దారి పక్కన వాటి గుర్తులు వెతకండి. బైసన్ ఒళ్లు దురద తీర్చుకోవడానికి పొర్లిన చోట గుండ్రటి గుంటలు పడతాయి. అంచుల్లో గడ్డి, మధ్యలో నున్నటి దుమ్ము, ఆ దుమ్ములో గిట్టల ముద్రలు, ముదురు గోధుమ రంగు బొచ్చు కుచ్చులు. వానలకి ఆ గుంటల్లో నీళ్లు నిలుస్తాయి, కప్పలు చేరతాయి. రాళ్లు కూడా చూడండి. ఈ సున్నపురాయి పాతిక కోట్ల ఏళ్లకు మునుపటి పర్మియన్ యుగపు సముద్రంలో పేరుకున్నది, జాగ్రత్తగా చూస్తే గవ్వల అచ్చులు దొరుకుతాయి. చూడటమే, జేబులో వేసుకోకూడదు.

పెద్దవాళ్ల నడక గురించి. సీనిక్ ఓవర్‌లుక్ ఒకవైపే 3.2 మైళ్లు, మెల్లగా ఎక్కే కంకర దారి, నీళ్లు లేవు. మీ అత్తగారికి మోకాళ్ల నొప్పులన్నారు, ఆవిడకి వద్దు. బాటమ్‌ల్యాండ్ ట్రైల్ చదునుగా ఉంటుంది, మైలు లోపు చుట్టు. అక్కడే అసలు తమాషా ఉంది. ఫాక్స్ క్రీక్ వాగు పక్క లోతైన మట్టి కాబట్టి పూర్వం దున్ని పంటలు వేశారు, ఇప్పుడు మళ్లీ గడ్డి విత్తనాలు చల్లి మైదానంగా మారుస్తున్నారు. వానలు బాగా పడిన ఏడాది మనిషిని మించి పెరిగే గడ్డి కనిపించేది ఇక్కడే. పైన కొండ మీద నడుం దాటడం కష్టం. కాబట్టి ఆవిడ తక్కువ చూస్తున్నట్టేమీ కాదు. పిల్లలతో ఒక మోస్తరు నడక కావాలంటే సౌత్‌విండ్ నేచర్ ట్రైల్, దాదాపు మైలున్నర పైన చుట్టు. నా సలహా: మధ్యాహ్నం విజిటర్ సెంటర్, కొట్టం అందరూ కలిసి చూడండి. తర్వాత బాటమ్‌ల్యాండ్. సాయంత్రం మీ ఇద్దరిలో ఒకరు పెద్ద పిల్లాడితో ఓవర్‌లుక్ దారి పట్టండి. చివరిదాకా వెళ్లక్కర్లేదు, మొదటి మైలున్నర దాటితే చాలు, రోడ్డు, కరెంటు స్తంభాలు వెనకబడి చుట్టూ కొండలే మిగులుతాయి.

పురుగుల సంగతి తేలిగ్గా తీసుకోకండి. మన ఊళ్లో పశువులకి పట్టే పిడుదుల లాంటి టిక్స్ ఇక్కడ మనుషులకీ పడతాయి. లోన్ స్టార్ టిక్ అనే రకం కుడితే కొందరికి మేక, గొర్రె, గొడ్డు, పంది వంటి జంతువుల మాంసం పడకుండా పోయే అలర్జీ వస్తుంది. కొందరికి పాలు, పెరుగు కూడా పడవు, కాబట్టి మీ అత్తగారు శాకాహారి అయినా జాగ్రత్త పడాలి, మీవారికీ చెప్పండి. ఫుల్ ప్యాంటు వేసి, అంచులు సాక్స్‌లోకి దోపుకోవాలి, దోమల మందు పాదాల దగ్గర బాగా కొట్టుకోవాలి. చీర కట్టుకుని గడ్డిలోకి దిగితే కుచ్చిళ్లలో పాకేస్తాయి, కంకర దారి దాటకపోతే ఫర్వాలేదు. చిగ్గర్స్ అనే కుట్టే చిన్న పురుగులు కంటికి కనపడవు, మర్నాడు నడుం దగ్గర, సాక్స్ అంచు దగ్గర దురద మొదలయ్యాకే తెలుస్తుంది. తిరిగి రాగానే వేడినీళ్లతో సబ్బు పెట్టి స్నానం చేయండి. వాగు పక్కన మూడేసి ఆకులుండే పాయిజన్ ఐవీని ముట్టుకోవద్దు. మైదానం మధ్యలో మీకన్నా ఎత్తైనది ఏదీ ఉండదు కాబట్టి పిడుగు భయం ఉంటుంది, ఉరుము వినపడితే వెంటనే కారు దగ్గరికి వచ్చేయాలి.

దారి: ఐ-35 హైవే మీద నేరుగా ఉత్తరానికి, ఓక్లహోమా దాటాక కాన్సాస్ టర్న్‌పైక్ అనే టోల్ రోడ్డు. ఎంపోరియా దాకా పోకుండా కాసొడే దగ్గర దిగి కే-177 రోడ్డు పట్టుకోండి. ఫ్లింట్ హిల్స్ సీనిక్ బైవే ఇదే, ప్రయాణంలో అందమైన భాగం ఇక్కడే మొదలవుతుంది. మ్యాట్‌ఫీల్డ్ గ్రీన్, బజార్ ఊళ్ల మీదుగా కాటన్‌వుడ్ ఫాల్స్ చేరతారు. (బజార్ అని బోర్డు చూసి కాఫీ దొరుకుతుందని ఆగకండి.) పెట్రోలు విచిటాలోనో ఎల్‌డొరాడోలోనో నింపుకోండి. కాటన్‌వుడ్ ఫాల్స్‌లో 1873 నాటి కోర్టు భవనం ఉంది, ఇప్పటికీ కోర్టుగానే వాడుతున్నారు, దాని ముందు ఇటుకల వీధిలో పావుగంట తిరగండి. అక్కడి నుంచి స్ట్రాంగ్ సిటీ దాటి రెండు మైళ్లు వెళ్తే ప్రిజర్వ్. ఇది పశువుల సీమ, శాకాహారికి దొరికేది ఫ్రెంచ్ ఫ్రైస్ అనుకోండి. పులిహోర, పెరుగన్నం కట్టుకుని రండి, నీళ్లు మనిషికి రెండు లీటర్లు. ఫోన్ సిగ్నల్‌ని నమ్ముకోకుండా మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. లోపల క్యాంపింగ్ లేదు. ఒకే రోజులో వెళ్లి రావాలని చూడకండి, రాత్రికి విచిటాలో ఆగండి, ఇండియన్ హోటళ్లు ఇక్కడ ఉన్నాయి.

ఒకవేళ ఇంట్లో అందరూ "మాకు బైసన్ కనపడాల్సిందే, నడక మావల్ల కాదు" అంటే కాన్సాస్ మానేసి ఓక్లహోమాలో పాహస్కా ఊరికి ఉత్తరాన ఉన్న జోసెఫ్ విలియమ్స్ టాల్‌గ్రాస్ ప్రెయిరీ ప్రిజర్వ్‌కి వెళ్లండి. అది కూడా నేచర్ కన్సర్వెన్సీదే, 40 వేల ఎకరాలకు దగ్గరగా ఉంటుంది. 1993లో 300 బైసన్‌తో మొదలుపెట్టారు, ఇప్పుడు వేలల్లో ఉన్నాయి. కంకర రోడ్డు మీద కారులోనే తిరగొచ్చు, మీకు దూరం కూడా తగ్గుతుంది. కారు దిగకుండా అద్దంలోంచే చూడాలి, దుమ్ము బాగా రేగుతుంది. మీ అత్తగారి మోకాళ్లని బట్టి చూస్తే ఇదే సుఖం. మీ మామగారు మాత్రం కాన్సాసే బాగుందంటారని నా నమ్మకం. ఏది ఖాయం చేసుకున్నా తేదీలు రాయండి, ఆ వారం వానలు, గడ్డి ఎలా ఉన్నాయో చూసి చెప్తాను.